బ్యాడ్జి వద్దన్న అమ్మాయి: అనంతపురం జిల్లాలో ఒక చిన్న డిగ్రీ కాలేజీ కేస్ స్టడీ

అనంతపురం జిల్లాలో ఒక చిన్న డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను. విద్యార్థి క్లబ్బుల బాధ్యత కూడా నాదే. రెండేళ్ళపాటు మా క్లబ్బుల్లో, ముఖ్యంగా మార్కుల మీద ఎంపికయ్యే ప్రతిభా మండలిలో జరిగినది ఇక్కడ రాస్తున్నాను. కాలేజీ పేరు, ఊరి పేరు, పిల్లల పేర్లు రాయను. ఎవరినీ గుర్తు పట్టకుండా ఒకట్రెండు వివరాలు మార్చాను. తీసుకున్న నిర్ణయాలు, వాటి ఫలితాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. క్లాసులతో పాటు ఇలాంటి బాధ్యత మోస్తున్న లెక్చరర్లు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. నేను పోగొట్టుకున్న ఏడాది వాళ్ళు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

నేపథ్యం

మా కాలేజీలో నాలుగు వందల లోపు పిల్లలు. బీఏ, బీకాం, బీఎస్సీ. నలుగురిలో ముగ్గురు పల్లెల నుంచి ఆర్టీసీ పాసు మీద వచ్చేవాళ్ళే. చాలా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి వీళ్ళే. 2021-22లో రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు కాబట్టి, ఇంటర్ దాకా తెలుగులో చదువుకున్న పిల్లకు ఇక్కడికి రాగానే పుస్తకం మారిపోతుంది. ఇంట్లో చెనక్కాయ పంట. వాన పడితే పిల్లోడు విత్తనానికి పోతాడు, పంట చేతికొచ్చినప్పుడు కట్టె (కాయలతో ఉన్న చెనక్కాయ చెట్లు) పీకడానికి పోతాడు. మా హాజరు పట్టీ చూసి ఆ ఏడు వాన ఎప్పుడు పడిందో చెప్పొచ్చు.

కాగితం మీద మాకు పదకొండు క్లబ్బులు. ఎన్‌ఎస్‌ఎస్, రెడ్ రిబ్బన్ క్లబ్, ఎకో క్లబ్, వినియోగదారుల క్లబ్, మహిళా సాధికారత విభాగం, సాహితీ వేదిక, కామర్స్ క్లబ్, సైన్స్ ఫోరం, ఇట్లా. వీటిలో నిజంగా నడుస్తున్నది ఎన్‌ఎస్‌ఎస్ ఒక్కటే. 1969లో మొదలైన ఆ జాతీయ సేవా పథకానికి ఒక లెక్క ఉంది. వాలంటీరు ఏడాదికి 120 గంటలు పనిచేయాలి, రెండేళ్ళలో 240 గంటలు. ఏడు రోజుల శిబిరానికి ఒక పల్లెకు వెళ్ళి ఉండాలి. ఏం చేయాలో, ఎంతసేపు చేయాలో చేరిన రోజే పిల్లలకు తెలుస్తుంది. మిగతా క్లబ్బులకు పేరుంది, కన్వీనర్ ఉన్నారు, రిజిస్టరు ఉంది. పని లేదు.

ప్రతిభా మండలిని అంతకుముందున్న ప్రిన్సిపల్ గారు మంచి మనసుతో పెట్టారు. అమెరికా కాలేజీల్లో, చదువులో ముందున్నవాళ్ళను చేర్చుకునే ఆనర్ సొసైటీల గురించి ఆయన చదివారు. 1776లో మొదలైన ఫై బీటా కప్పా, రెండేళ్ళ చిన్న కాలేజీల పిల్లల కోసం 1918లో మొదలైన ఫై థీటా కప్పా. మన పిల్లలకు మాత్రం అట్లాంటి గౌరవం ఎందుకు ఉండకూడదు అన్నది ఆయన ప్రశ్న. నాకూ సబబుగానే తోచింది. వరుసగా రెండు సెమిస్టర్లలో 8 సీజీపీఏ (పదికి సగటు గ్రేడు) దాటితే సభ్యత్వం. ఏడాదికొకసారి దీపం వెలిగించడం, బ్యాడ్జి, సర్టిఫికెట్, ఫోటో. మండలి చేసే పని ఆ రోజుతో ముగిసేది.

సమస్య బయటపడిన తీరు

రెండో బ్యాచ్ బ్యాడ్జీల కార్యక్రమానికి నాలుగు రోజుల ముందు బీఎస్సీ బోటనీ అమ్మాయి ఒకతె స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. క్లాసులో మొదటి స్థానం తనదే. అప్పటికే మొదటి బ్యాచ్‌లో బ్యాడ్జి తీసుకుంది, ఈసారి రెండో నక్షత్రం ఇవ్వాలి.

"మేడమ్, నా పేరు తీసేయండి" అంది.

ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని అడిగాను. లేదంది. కార్యక్రమానికి రావడానికి సిగ్గా అన్నాను. కాదంది. కాసేపు చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ నిలబడి, అప్పుడు చెప్పింది.

"ముందు పరీక్షలొస్తే బస్సులో అందరూ నా చుట్టే ఉంటాండ్రి మేడమ్. బ్యాడ్జి పెట్టినప్పటి నుంచి ఎవురూ డౌట్ అడగరు. నీకేంలే, నువ్వు ప్రతిభా అంటాండారు. నేను ఇంకొకరికి చెప్తేనే నాకు బాగా గుర్తుంటాది."

ఆ మాట విన్నాను గానీ అందులో ఉన్నది అందుకోలేదు. చిన్నపిల్లల మధ్య మనస్పర్థలు, నాలుగు రోజుల్లో సర్దుకుంటాయని అనుకున్నాను. పేరు తీసేయలేదు, కార్యక్రమానికి రమ్మని బుజ్జగించాను. వచ్చింది. ఫోటోలో చివరన నిలబడింది.

అదే నెలలో ప్రిన్సిపల్ గారు కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ సంస్థ తనిఖీకి ఫైళ్ళు సిద్ధం చేయమన్నారు. పదకొండు రిజిస్టర్లు బల్ల మీద పరిచాను. తొమ్మిదింటిలో మినిట్స్ ఒకే చేతిరాత, ఒకే నీలం పెన్ను. ప్రతి సమావేశం చివరా ఒకటే వాక్యం: "కార్యక్రమం విజయవంతముగా ముగిసినది." ఒక సమావేశం తేదీ పంచాంగంలో చూస్తే ఆదివారం. సభ్యుల పేర్లు ఒక తెల్లకాగితం మీదికి ఎత్తి రాసుకున్నాను. తొమ్మిది క్లబ్బుల్లోనూ తిరిగి తిరిగి వచ్చేవి పద్నాలుగు పేర్లే. పద్నాలుగు మందీ టౌనులో ఇళ్ళున్నవాళ్ళు, వాళ్ళలో సగం మంది మండలి బ్యాడ్జి ఉన్నవాళ్ళు. ఫోటోల్లో ఫ్లెక్సీ కూడా ఒకటే, తేదీ మీద మాత్రం కాగితం అంటించారు.

ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. జూనియర్ అసిస్టెంటు చేత రాత్రి రాత్రి రాయించిన లెక్చరర్లకు వారానికి పద్దెనిమిది, ఇరవై పీరియడ్లు ఉన్నాయి. క్లబ్బు నడిపించే వేళ ఎక్కడుందో వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు.

మొదటి ప్రయత్నం: అందరూ చేరాల్సిందే

నా ఆలోచన ఇట్లా సాగింది. పద్నాలుగు మందే వస్తున్నారంటే మిగతావాళ్ళకు ఆసక్తి లేదు. ఆసక్తి లేనప్పుడు మొదట కొంత బలవంతం తప్పదు, అలవాటైతే ఇష్టం పుడుతుంది. అందుకని ప్రతి విద్యార్థీ ఏదో ఒక క్లబ్బులో చేరాలని నోటీసు పెట్టించాను. బుధవారం సాయంత్రం 4.15కు క్లాసులు వదలగానే గంటసేపు క్లబ్బు. హాజరు తీసుకుంటామని కూడా రాయించాను.

మొదటి బుధవారం హాలు నిండింది. రెండో బుధవారం పిల్లలు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు. మూడో బుధవారం 4.25కు ఒక అమ్మాయి సంచి తీసుకుని చెప్పకుండా లేచి బయటికి పరుగెత్తింది, ఆమె వెనుక ఇంకో పన్నెండు మంది. అటువైపు పల్లెలకు 4.35 బస్సు పోతే మళ్ళీ 6.50కే. ఆడపిల్ల ఎనిమిదింటికి ఇల్లు చేరితే మరుసటి రోజు కాలేజీకి పంపాలా వద్దా అన్న మాట ఆ ఇంట్లో లేస్తుంది. ఒక తండ్రి నాకు ఫోన్ చేశాడు. కోపంగా మాట్లాడలేదు. "మేడమ్, క్లబ్బంటే ఏమో నాకు తెల్దు గానీ, చీకటి పడేలోపల పాపను పంపిస్తే చాలు" అన్నాడు. ఆ రాత్రి నేను నోటీసు వెనక్కి తీసుకున్నాను.

ఇక్కడ నా తప్పు సమయంలో కంటే నేను వేసుకున్న ప్రశ్నలో ఉంది. రానివాళ్ళకు ఆసక్తి లేదని ఎవరినీ అడగకుండానే తేల్చేశాను. ఆ పద్నాలుగు పేర్లు ఆసక్తి ఉన్నవాళ్ళవి కావు, నడిచి ఇంటికి పోగలిగినవాళ్ళవి.

రెండో ప్రయత్నం: శనివారం, తగ్గించిన గీత

కొత్త విద్యా సంవత్సరంలో రెండు మార్పులు ఒకేసారి చేశాను. అది కూడా పొరపాటే, ఎందుకంటే ఏది ఎందుకు పోయిందో విడదీసి చూడటం తర్వాత కష్టమైంది.

క్లబ్బుల్ని శనివారం మధ్యాహ్నానికి జరిపాను. జులైలో ఒక మంచి వాన పడింది. ఆ శనివారం ముప్పై మంది కూడా లేరు, అందరూ విత్తనాల్లో ఉన్నారు. వాన ఆగాక కూడా మగపిల్లలు రాలేదు. శని, ఆదివారాల్లో బట్టల షాపులో, పెట్రోలు బంకులో, మెడికల్ షాపులో కూలికి నిలబడేవాళ్ళు మా కాలేజీలో ఎంతమందో అప్పుడు లెక్క తెలిసింది. ఆ డబ్బుతో పాసు రెన్యువల్ చేసుకునే పిల్లోణ్ణి ఎకో క్లబ్బుకు రమ్మనడానికి నాకు నోరు రాలేదు.

రెండోది, ప్రతిభా మండలి గీత 8 నుంచి 7కు దించడం. బోటనీ అమ్మాయి మాట నాకు ఇంకా గుర్తుంది. బ్యాడ్జి ఉన్నవాళ్ళు కొద్దిమంది కాబట్టే వేరుగా కనిపిస్తున్నారు, ఎక్కువ మందికి ఇస్తే ఆ దూరం పోతుంది అనుకున్నాను. తొమ్మిది బ్యాడ్జీలు నలభై ఒకటి అయ్యాయి. దూరం పోలేదు. ముందు తొమ్మిది మంది ఒకవైపు ఉంటే ఇప్పుడు నలభై ఒక్క మంది ఒకవైపు నిలబడ్డారు. 6.9 వచ్చిన పిల్లలు మార్కుల మెమో జిరాక్సులు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఒకబ్బాయి రీవాల్యుయేషన్‌కు ఫీజు కట్టాడు, మార్కుల మీద అనుమానంతో కాదు, బ్యాడ్జి కోసం. బయట కూలి చేసి దాచుకున్న డబ్బు అది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు చాలా బాధ కలిగింది. మార్కులకు గౌరవం తెద్దామని పెట్టిన మండలి పిల్లల్ని మార్కుల వెంట పరుగెత్తించింది.

పొద్దున బస్సు

సెప్టెంబర్ 24 ఎన్‌ఎస్‌ఎస్ దినోత్సవం. శ్రమదానం ఏర్పాట్లకని ఆ రోజు నేను పొద్దున ఎనిమిదిన్నరకే కాలేజీకి వెళ్ళాను. మామూలుగా నేను వచ్చేది 9.45కు.

8.35కు మొదటి బస్సు గేటు ముందు ఆగింది. అరవై డెబ్బై మంది దిగారు. ఇంకో పది నిమిషాలకు రెండో దారి బస్సు. వాళ్ళ తర్వాతి బస్సు 10.20కి గానీ రాదు, అందుకని అందరూ దీంట్లోనే వస్తారు. క్లాసు గదులకు ఇంకా తాళాలే. పిల్లలు వరండా మెట్ల మీద, వేపచెట్టు చుట్టూ ఉన్న అరుగు మీద కూర్చున్నారు. కొందరు టిఫిన్ డబ్బా తెరిచారు, కొందరు రికార్డులు ఎత్తి రాసుకుంటున్నారు, ఎక్కువ మంది ఊరికే కూర్చున్నారు. గంటా ఇరవై నిమిషాలు. ప్రతిరోజూ. నేను ఎనిమిది నెలలుగా సాయంత్రంలో, శనివారంలో వెతుకుతున్న సమయం ఇక్కడ అరుగు మీద కూర్చుని ఉంది.

ఆ అరుగు చివర మా బోటనీ అమ్మాయి ఉంది. ఎదురుగా ఇద్దరు ఫస్టియర్ పిల్లలు, అదే బస్సు వాళ్ళు. నోట్సులో ఒక ఇంగ్లీషు మాట మీద వేలు పెట్టి అడుగుతున్నారు. ట్రాన్స్‌పిరేషన్. తను లేచి, టిఫిన్ తెచ్చుకున్న ప్లాస్టిక్ కవరు దులిపి, పక్కనున్న మందార కొమ్మకు కట్టి ముడేసింది. "మధ్యానం వచ్చి సూడండి, లోపల నీళ్ళు పడతాయి. ఆకు వదిలే ఆవిరి అది. పుస్తకంలో అదే రాసినారు" అంది. ఫస్టియర్ పిల్లలకు తను ప్రతిభా అన్న సంగతి ఇంకా తెలియదు. చొక్కాకు బ్యాడ్జి లేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ నేనూ వెళ్ళి చూశాను. కవరు లోపల సన్నటి బొట్లు పట్టి ఉన్నాయి.

ఆ సాయంత్రం కూర్చుని ఫై బీటా కప్పా పుట్టుక గురించి మళ్ళీ చదివాను. 1776 డిసెంబరు 5న వర్జీనియాలో విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు ఐదుగురు కలిసి పెట్టుకున్న చర్చా సమాజం అది. క్లాసులో దొరకని మాట కోసం బయట కూర్చుని వాదించుకున్నారు. వాళ్ళ చిహ్నం మీదున్న మూడు నక్షత్రాలు స్నేహానికి, నీతికి, విద్యకు గుర్తు. కూర్చుని మాట్లాడుకోవడం ముందు, గౌరవం తర్వాత. మేము దాన్ని తలకిందులుగా తెచ్చుకున్నాం. పని లేకుండా బ్యాడ్జి తెచ్చాం.

పనిచేసినది

ప్రిన్సిపల్ గారిని మూడు అడిగాను. ఒకటి, 8.30కు అటెండరు రెండు గదుల తాళం తీయాలి. రెండు, వారానికి మూడు రోజులు నేను ఆ వేళకు వస్తాను, బదులుగా నా చివరి పీరియడ్లు ముందుకు జరపాలి. మూడు, ఈ సెమిస్టరులో బ్యాడ్జీల కార్యక్రమం వద్దు. మొదటి రెండూ వెంటనే ఒప్పుకున్నారు. మూడోదానికి వారం పట్టింది.

క్లబ్బుల్ని సబ్జెక్టు ప్రకారం విడదీయలేదు. ఏ బస్సులో వచ్చేవాళ్ళకు ఆ బస్సు బల్ల; అక్కడ కూర్చుని ఒకరికొకరు చెప్పుకోవాలి. ఇది చాలామంది తోటి లెక్చరర్లకు వింతగా తోచింది. నా కారణం ఇది: ఒక బస్సులో వచ్చేవాళ్ళు అప్పటికే ఒక జట్టు. సీటు ఆపుకుంటారు, పాసు మర్చిపోతే టికెట్టు డబ్బులు ఇచ్చుకుంటారు, ఒకరు రాకపోతే ఇంకొకరికి కారణం తెలుసు. కొత్తగా స్నేహం పుట్టించాల్సిన పని లేదు, ఉన్న స్నేహానికి ఒక పని ఇవ్వాలి. పైగా ఒకే బస్సులో బీకాం, బీఎస్సీ, ఫస్టియర్, ఫైనలియర్ అందరూ ఉంటారు.

ప్రతి బల్లకూ ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం ఇచ్చాను. మాటల పుస్తకం అని పిల్లలే పేరు పెట్టారు. ఎడమ పేజీలో సిలబస్‌లో వచ్చే ఇంగ్లీషు మాట, పుస్తకం చెప్పిన అర్థం. కుడి పేజీలో మన మాటల్లో, మన ఊరి ఉదాహరణతో అదే సంగతి. కింద రాసినవాళ్ళ సంతకం. ఎవరైనా కింద దిద్దవచ్చు, కొట్టేయకూడదు.

ఒక పేజీ చూపిస్తాను. మాట ఆపర్చునిటీ కాస్ట్. కుడివైపు ఒక బీకాం అబ్బాయి రాసింది: "మాకు నాలుగెకరాలు ఉంది. నాయన అది కౌలుకిచ్చి బెంగళూరు పనికి పోతే, ఆ ఏడు మేం పండించుకునే పంట పోయినట్టే. ఆ పోయినదే ఆపర్చునిటీ కాస్ట్." దాని కింద ఎర్ర పెన్నుతో బీఏ అమ్మాయి: "పంట మొత్తం పోలేదు. విత్తనం, కూలి ఖర్చు మిగులుతాది కదా. పంట డబ్బుల్లో ఆ ఖర్చు తీసేసి లెక్కెయ్యాల." దాని కింద పెన్సిలుతో ఫస్టియర్ పిల్లోడు: "వాన రాకపోతే?"

పదిహేడేళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను. ఎకనామిక్స్‌లో కచ్చితత్వం లేని భవిష్యత్తును ఎట్లా లెక్కగట్టాలన్న అసలు ప్రశ్నను ఒక ఫస్టియర్ పిల్లోడు రెండు మాటల్లో నా ముందు పెట్టాడు. మరుసటి రోజు ఆ బల్ల దగ్గర ముప్పై మంది మూగారు. పదేళ్ళలో మీ ఊళ్ళో ఎన్నేళ్ళు వాన సరిగా పడింది అని అడిగాను. రెండని ఒకరు, మూడని ఒకరు, బోరున్న చేనుకు వేరే లెక్కని ఇంకొకరు. ఎవరూ బెల్లు కొట్టింది వినలేదు.

తప్పులు లేకపోలేదు. ఒక పేజీలో మాస్ అంటే బరువు అని రాశారు. అది అట్లాగే పరీక్షలోకి పోయి ఉంటే నష్టం. అందుకని శుక్రవారం ఆయా సబ్జెక్టు లెక్చరర్ పుస్తకం చూసి దిద్దే ఏర్పాటు చేశాం. ఫిజిక్స్ సార్ ద్రవ్యరాశి, బరువు రెండూ పక్కపక్కన రాసి, చంద్రుడి మీదికి పోతే ఏది మారుతుందని అడిగి వదిలేశారు. జవాబు ఆయన రాయలేదు. అది నాకు చాలా నచ్చింది.

అక్టోబరు, నవంబరుల్లో కట్టె పీకే పనులకు బల్లలు పలచబడ్డాయి. ఈసారి నేను కంగారు పడలేదు, హాజరు అడగలేదు. పుస్తకం బల్ల మీదే ఉంది, తిరిగొచ్చినవాళ్ళు వదిలిన పేజీ నుంచి చదువుకున్నారు. వేసవిలో ఫస్టియర్ తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు 180 గంటలు పనిచేసి రిపోర్టు రాయాల్సి వచ్చింది. ఎవరి రిపోర్టు వాళ్ళే రాసుకున్నా, ఒకే బల్ల వాళ్ళు ప్రశ్నాపత్రం కలిసి తయారు చేసుకున్నారు.

మండలిని మళ్ళీ కట్టడం

ఇక ప్రతిభా మండలి. రద్దు చేద్దామని కొందరన్నారు. నేను వద్దన్నాను. మన పిల్లల ఇళ్ళల్లో చదువుకు దొరికే గౌరవం తక్కువేమీ కాదు గానీ, అది ఉద్యోగం వచ్చాకే దొరుకుతుంది. చదువుతుండగానే నలుగురిలో ఒకరు పేరు పెట్టి మెచ్చుకోవడం వాళ్ళకు అవసరం. ఎవరు మెచ్చుకోవాలి, దేనికి మెచ్చుకోవాలి అన్నదే మార్చాల్సింది.

కొత్త నియమం ఇది. బ్యాక్‌లాగ్ (తప్పిన పేపరు) ఉండకూడదు. ఒక సెమిస్టరు పాటు బల్ల దగ్గర చెప్పి ఉండాలి. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు చీటీల మీద పేరు రాయాలి.

చీటీలంటే నాకు భయమే. మా పల్లెల్లో ఓటంటే దాని వెనక ఏమేమి వస్తాయో అందరికీ తెలుసు, కులం ముందు వస్తుంది. అందుకని చీటీ మీద ఎవరిని ఎన్నుకుంటారు అని అడగలేదు. మూడు గీతలు ఇచ్చాం. ఎవరి దగ్గర కూర్చున్నావు? ఏం అర్థమైంది? అది నీ మాటల్లో ఒక వాక్యం. మూడో గీత ఖాళీగా ఉంటే చీటీ చెల్లదు.

మొదటిసారే పరీక్ష ఎదురైంది. ఒకబ్బాయికి పంతొమ్మిది చీటీలు వచ్చాయి, అన్నిటి మీదా "అన్నీ బాగా చెప్పినాడు" అని ఒకటే వాక్యం. పక్కన పెట్టాం. ఆ అబ్బాయిని పిలిచి అందరి ముందూ నిలదీయలేదు. ఏం అర్థమైందో రాయలేదు కాబట్టి లెక్కలోకి రాలేదని చెప్పాను, అంతే. తర్వాతి సెమిస్టరు అతను నిజంగానే బల్ల దగ్గర కూర్చుని ట్యాలీ (కంప్యూటర్‌లో జమాఖర్చులు రాసే సాఫ్ట్‌వేర్) నేర్పించాడు.

పదకొండు మంది ఎంపికయ్యారు. అందులో ఐదుగురు పాత గీత ప్రకారం మండలి గడప దాటలేనివాళ్ళు. ఏడుగురు పల్లె బస్సుల వాళ్ళు. బ్యాడ్జీ లేదు. వేపచెట్టు అరుగు దగ్గర పొద్దున తొమ్మిదింటికి మండలి పుస్తకంలో సంతకం చేశారు. ఒక్కొక్కరు సంతకం చేస్తుండగా వాళ్ళకొచ్చిన చీటీల్లోంచి ఒక వాక్యం చదివి వినిపించాం. బోటనీ అమ్మాయికి వచ్చిన చీటీ ఒకటి: "మందార కొమ్మకు కవరు కట్టిన అక్క. నీళ్ళు చూసినాను." తను ఆ చీటీ అడిగి తీసుకుని పుస్తకంలో పెట్టుకుంది.

చిక్కుముడి ఒక్కటి మిగిలింది. అందరికంటే ఎక్కువ చెల్లిన చీటీలు వచ్చింది ఒక బీఎస్సీ మ్యాథ్స్ అబ్బాయికి. లెక్క చెప్పేటప్పుడు ఎదుటివాళ్ళు ఎక్కడ తప్పిపోయారో కనిపెట్టే ఓర్పు అతనికి ఉంది. అతనికే రెండు బ్యాక్‌లాగులు, రెండూ ఇంగ్లీషు. చేర్చుకుందామని నేను వాదించాను. నియమం మొదటి ఏడే సడలిస్తే రేపు ఎవరూ నమ్మరని ప్రిన్సిపల్ గారు, ఇద్దరు కన్వీనర్లు అన్నారు. ఆ అబ్బాయినే అడుగుదామన్నాను. "నా కోసం మార్చొద్దండి మేడమ్, పాసై వస్తా" అన్నాడు. అతని పేరు పుస్తకంలో పెన్సిలుతో రాశాం. నాది సరైన వాదనేనని ఇప్పటికీ అనుకుంటున్నాను, కానీ అతను అట్లా అన్న తర్వాత నేనింకా పట్టుబట్టడం అతని మాటను తీసేసినట్టవుతుంది.

పదకొండు నుంచి ఐదుకు

క్లబ్బుల్ని తగ్గించడం గురించి క్లుప్తంగా చెప్తాను. ఎన్‌ఎస్‌ఎస్, రెడ్ రిబ్బన్ క్లబ్, మహిళా సాధికారత విభాగం, ప్రతిభా మండలి, సాహితీ వేదిక ఉంచాం. మిగతావి మూసేశాం లేదా వీటిలో కలిపాం. నాక్ ముందు సంఖ్య తగ్గితే ఎలాగని ప్రిన్సిపల్ గారు దిగులుపడ్డారు. తనిఖీ బృందం పిల్లలతో నేరుగా మాట్లాడుతుంది, వినియోగదారుల క్లబ్బులో ఏం చేశావని ఒక పిల్లను అడిగితే ఏం చెప్తుందో ఆలోచించండి సార్, అన్నాను. ఎనిమిది మాటల పుస్తకాలు బల్ల మీద పెడితే చాలన్నాను. మూసేసిన క్లబ్బుల రిజిస్టర్లలో ఏ తేదీన ఎందుకు మూసేశామో నిజం రాసి సంతకం పెట్టాం.

సాహితీ వేదిక మాత్రం ఇంకా కుంటుతోంది. బల్లల దగ్గర పరీక్షల ఒత్తిడి కవిత్వానికి చోటు ఇవ్వడం లేదు. దానికి దారి నాకింకా దొరకలేదు.

ఇదే పనికి పూనుకునే లెక్చరర్లకు

ఒక వారం పాటు పిల్లలు దిగే మొదటి బస్సు దగ్గర నిలబడండి, వాళ్ళు ఎక్కే చివరి బస్సు దాకా ఉండండి. ఏ క్లబ్బు పెట్టాలన్న సంగతి ఆ తర్వాత ఆలోచించవచ్చు. మెరిట్ సంఘం పెట్టేట్టయితే దాని సభ్యులు సోమవారం పొద్దున ఏం చేస్తారో ముందు రాసుకోండి. రాయలేకపోతే ఇంకా పెట్టొద్దు. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు. మీ దగ్గరికి వచ్చి ఒక పిల్ల తన గౌరవాన్ని వద్దంటే, కార్యక్రమానికి రమ్మని బుజ్జగించకుండా కూర్చోబెట్టి వినండి. ఆ రోజు గుమ్మం దగ్గర తను చెప్పిన నాలుగు వాక్యాల్లో జవాబు మొత్తం ఉంది: నేను ఇంకొకరికి చెప్తేనే నాకు బాగా గుర్తుంటాది. నాకు అందుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇప్పటి పరిస్థితి

ఈ ఏడు ఒక దారి బస్సు వేళ మారి 9.20కి వస్తోంది. ఆ బల్లకు అరగంటే మిగిలింది. డిపోకు అర్జీ ఎట్లా రాయాలో మండలి పిల్లలే కూర్చుని, ఎంతమంది పాసులున్నాయో లెక్కతో సహా రాసి, అందరి సంతకాలతో ఇచ్చి వచ్చారు. జవాబు కోసం చూస్తున్నాం. బోటనీ అమ్మాయి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీలో చేరింది. తను వదిలి వెళ్ళిన బల్లను ఆ రోజు మందార కొమ్మ దగ్గర నిలబడిన ఇద్దరిలో ఒకమ్మాయి చూసుకుంటోంది.

మ్యాథ్స్ అబ్బాయి ఒక ఇంగ్లీషు పేపరు గట్టెక్కాడు, ఇంకొకటి ఉంది. పొద్దున సగం సేపు ఇంటెగ్రేషన్ చెప్తాడు. మిగతా సగం అదే బల్లకు ఇటువైపు వచ్చి కూర్చుని, ఒక ఫస్టియర్ అమ్మాయి దగ్గర గ్రామరు చెప్పించుకుంటున్నాడు.